అణువిపత్తు - ఛాయాచిత్ర సాక్ష్యము

వరిపొలములను గూర్చి మన పాఠకులకు క్రొత్తగా జెప్పవలసిన దేమియు లేదు. జానెడు మట్టి సారవంత మగుటకు ఎన్ని తరముల పెంట, ఎన్ని వరదల ఒండ్రు, ఎందరి కష్టము కావలయునో భూమిని నమ్ముకొన్నవారందరు నెరుగుదురు. అట్టివారు జపాను దేశమున ఫుకుషిమా మండలమునుండి 2011 తరువాతి సంవత్సరములలో వెలువడిన ఛాయాచిత్రములను జూచినచో మొదట విస్మయ మొందుదురు. కొండల నడుమ మడులు కలవు. గట్లు చెక్కుచెదరక యున్నవి. దూరమున ఇండ్లు కనబడుచున్నవి. ఆకాశము నిర్మలముగా నున్నది. కాని మడిలో వరి లేదు. వరికి బదులు నల్లని పెద్ద సంచులు, ఒకదానిపై నొకటి పేర్చి, బారులు బారులుగా నున్నవి. ఆ సంచులలో నున్నది ధాన్యము కాదు. పొలములపైనుండియు, పెరళ్లనుండియు గీకి తీసిన మన్ను!

2011 మార్చి 11వ తేదీని సంభవించిన భూకంపమువలనను, దానివెంట వచ్చిన సముద్రపు ఉప్పెనవలనను ఫుకుషిమా దైయిచి విద్యుత్కేంద్రమున మూడు రియాక్టర్లలోని ఇంధనము కరగిపోయెను. గాలిలోని కెగసిన సీసియము వానతోను, మంచుతోను దిగి భూమి పైపొరను బట్టుకొనెను. బంకమట్టిని పట్టినచో సులభముగా వదలని స్వభావము దానిది. సీసియము-137 బలము సగమునకు దిగుటకు ముప్పది యేండ్లు పట్టును. కావున జపాను ప్రభుత్వము పొలములపైని మట్టిని ఇంచుమించు అయిదు సెంటిమీటర్ల లోతున గీకించి సంచుల కెత్తించెను. ఓకుమా, ఫుతబా అను రెండూళ్లలో సుమారు 1600 హెక్టార్ల భూమిని ప్రత్యేకించి ఈ మట్టి నచ్చటికి జేర్చిరి. అది దాదాపు కోటి నలుబది లక్షల ఘనమీటర్లు. 2045వ సంవత్సరము లోపల దానిని ఆ మండలమునకు వెలుపల శాశ్వతముగా భద్రపరుపవలయునని అచ్చటి శాసనము. అప్పుకు పొలము పోవుట మన మెరుగుదుము. ఏరు కోసి పొలమును మ్రింగుట మన మెరుగుదుము. పొలము చోటనే యుండగా, గట్టులు గట్టులుగనే యుండగా, దాని సారము మాత్రము సంచులలో తరలిపోవుట మనకు వినని సంగతి.

ఈ యంకె లన్నియు ప్రభుత్వ నివేదికలలో నున్నవే. చదివితిమి, మరచితిమి. సంచుల బారును కన్నులార జూచినపిమ్మట మాత్రము మరచుట సాధ్యము కాదు. అణువిపత్తు యొక్క నిజస్వరూపము ప్రేలుడును జూపు చిత్రమునందు లేదు. గొడుగువలె విప్పుకొన్న మేఘమునందును లేదు. అది మరునాటి బ్రతుకును, మరుసటి యేటి బ్రతుకును, పదేండ్ల తరువాతి బ్రతుకును జూపు చిత్రములందు గలదని మా దృఢవిశ్వాసము. ఆ చిత్రములను దీయువారికిని, ముద్రించువారికిని అడ్డు తగులు ప్రభుత్వము, అది స్వదేశీయ మగుగాక, పరదేశీయ మగుగాక, తన ప్రజలకు అపకారము చేయుచున్నదని చెప్పుటకు మేము సందేహింపము.

మన తార్కికులు ప్రత్యక్షమును, అనుమానమును వేర్వేరు ప్రమాణములుగా జెప్పిరి. కొండపై పొగను జూచి నిప్పు నూహించుట బాలురకు గూడ తెలిసిన దృష్టాంతము. అణుకిరణమునకు రంగు లేదు, వాసన లేదు, వేడి తోపదు. అది కంటికి ప్రత్యక్షము కానేరదు. దానిని తెలిసికొనుటకు రెండు మార్గములు గలవు. ఒకటి శాస్త్రజ్ఞుని యంత్రము. అది కొలత జెప్పును గాని కష్టమును జెప్పదు. రెండవది మానవుల బ్రతుకులో వచ్చిన మార్పు. మూతబడిన పాఠశాల, పాలు పిండి పారబోయు గోశాల, కోతకు రాని పంట, మనుమలు రాని ముసలివారి యిల్లు - ఇదియే పొగ. ఈ పొగను జూపగల సాధనము కెమెరా.

ఛాయాచిత్రమునకును ఈ కిరణమునకును గల సంబంధము నేటిది కాదు. అసలు రేడియోధార్మికతను మానవజాతికి మొదట నెరిగించినది ఛాయాచిత్రపు పలకయే. 1896లో పారిసు నగరమున బెకెరెల్ అను శాస్త్రజ్ఞుడు నల్లకాగితమున జుట్టిన పలకలపై యురేనియపు లవణము నుంచి, ఎండకై నిరీక్షించుచు, మబ్బులు విడువనందున వానిని సొరుగులో బెట్టెను. మార్చి 1వ తేదీని ఆ పలకలను కడిగి చూడగా, ఎండ తగులకయే లవణపు ఆకృతి వానిపై నచ్చుపడి యుండెను. మనుష్యుని కన్ను చూడనిదానిని పలక చూచినది.

పలక చూచిన సంగతి నంతటిని ప్రజలకు జెప్పిరా? 1945 జులై 16న అమెరికాలో న్యూమెక్సికో యెడారియందు తొలి అణుబాంబు పరీక్ష జరిగెను. అటుపిమ్మట కొలది కాలమునకే కొడాక్ కంపెనీవారి ఎక్స్‌రే ఫిల్ములపై అకారణముగా మచ్చలు పడజొచ్చెను. విచారింపగా, ఫిల్ముకు అడ్డుగా నుంచు గడ్డి అట్టలలో దోషమున్నట్లు తేలెను. ఆ అట్టలు ఇండియానా రాష్ట్రమున, పరీక్షాస్థలమునకు సుమారు వేయిమైళ్ల దూరమున తయారైనవి. గాలిలో కొట్టుకొనివచ్చిన విషము అంతదూరము వచ్చి అట్టలలో జేరినది. 1951లో నెవాడాయందు పరీక్షలు మొదలిడినప్పుడు ఆ కంపెనీ మొరపెట్టుకొనగా, అణుశక్తి సంఘమువారు పరీక్షల సమాచారమును ఫిల్ము తయారుచేయువారికి ముందుగా దెలుపుట కంగీకరించిరి. అదే గాలి క్రింద గడ్డి మేసిన యావుల పాలను పిల్లలకు బోసిన తల్లుల కట్టి హెచ్చరిక లేకపోయెను. సరకునకు గల రక్షణ శిశువునకు లేదాయెను! రహస్యపాలన మెచ్చటికి దారితీయునో తెలుపుట కింతకన్న నిదర్శన మక్కరలేదు.

ఇక బాంబు పడిన పట్టణముల సంగతి చూతము. 1945 ఆగస్టు 6వ తేదీని హిరోషిమాలో మత్సుషిగె యోషితో అను పత్రికా ఛాయాచిత్రకారుడు బాంబు పడిన చోటికి సుమారు 2.7 కిలోమీటర్ల దూరమున తన యింటిలో నుండెను. ప్రాణము దక్కగా కెమెరా చేతబట్టుకొని బయలుదేరెను. ఆయనకడ ఇరువదినాలుగు చిత్రములకు సరిపడు ఫిల్ము గలదు. మియుకి వంతెనయొద్ద కాలిన చర్మములతో గుంపులుగా గూర్చున్న బాలబాలికలను జూచి, మీట నొక్కుటకు చేయిరాక చాలసేపు నిలిచిపోయెను. ఆ దిన మంతయు పట్టణమున తిరిగియు ఆయన మన కందించిన చిత్రములు అయిదు మాత్రమే. ఆగస్టు 6వ తేదీని ఆ పట్టణములో నేలమీది మనుష్యుల యవస్థను జూపు చిత్రములు ఇవియే.

ఆ యయిదింటిలో రెండు వంతెనయొద్దివి. రెండు ఆయన యింటిలోనివి. అయిదవదానిని మా పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలయునని కోరుచున్నాము. అందు మంటలు లేవు, శవములు లేవు. తలకు కట్టుగట్టుకొన్న పోలీసు ఉద్యోగి యొకడు వీధిలో గూర్చుండి, విపత్తునకు లోనైనవారికి ధ్రువపత్రములు వ్రాసి యిచ్చుచున్నాడు. పట్టణము పట్టణమంతయు బూడిద యైన సాయంకాలముననే, మిగిలినవాడు తనకు జరిగినదానికి కాగితము తెచ్చుకొనవలసి వచ్చినది. మరునాటి తిండి కాగితముపై నాధారపడి యున్నది. కచ్చేరీల చుట్టు తిరిగిన మనవారి కీ చిత్రము వేరే వ్యాఖ్యానము లేకయే యర్థమగును. మహావిపత్తు యెంత గొప్పదైనను, అది మనుష్యునకు తగులునది తిండి, నీరు, గూడు, కాగితము అను నీ చిన్నవాని రూపముననే.

నాగసాకిలో బాంబు పడిన మరునాడు, ఆగస్టు 10న, యమహత యోసుకె అను సైనిక ఛాయాచిత్రకారుడు తెల్లవారకముందే యచ్చటికి జేరి, ఆ దినమున నూరింటికి పైగా చిత్రములు దీసెను. శత్రువు క్రౌర్యమును లోకమునకు జాటుటకు సైన్యమువా రాయనను బంపిరి. కాని ఆయన చిత్రములు ప్రచారమునకు లొంగలేదు. అందొకదానియందు తల్లియు, పిల్లవాడును ముఖములు గాయపడి, చేతులలో చెరియొక అన్నపు ముద్దను బట్టుకొని యున్నారు. శత్రువెవడో, మిత్రుడెవడో ఆ చిత్రము చెప్పదు. ఆకలిని మాత్రము చెప్పును. సైన్యము యుద్ధమును చిత్రింపుమని పంపగా ఆయన సంసారమును చిత్రించి తెచ్చెను.

ఈ చిత్రములు ఎప్పుడు ప్రజల కంటబడినవి? యుద్ధ మంతమైన కొన్ని వారములకే, 1945 సెప్టెంబరులో, జపాను నాక్రమించిన సేనాధికారులు పత్రికలపై నిబంధనలు విధించిరి. ఆక్రమణపాలన 1952 ఏప్రిలులో ముగిసెను. ఆ యేటి ఆగస్టు 6న అసాహి గ్రాఫ్ అను సచిత్రపత్రిక అణువిపత్తు చిత్రములతో ప్రత్యేకసంచికను వెలువరించిన పిమ్మటగాని సామాన్య జపానీయుడు తన దేశపు రెండు పట్టణములకు జరిగినదానిని చక్కగా జూడలేకపోయెను. అచ్చటి చలనచిత్రకారులు తీసిన చిత్రమును అమెరికావారు 1946లో గైకొని, దాని ప్రతిని 1967లోగాని తిరిగి యీయలేదు. బాంబు వేయుట కొక క్షణము పట్టెను. దాని ఫలితమును జూచుటకు ప్రజల కేడేండ్లు పట్టెను. ఆ యేడేండ్లలో ఎందరు రోగులు తమ రోగమేమో తెలియక, తెలిసిన వైద్యుడు బహిరంగముగా వ్రాయలేక, కడతేరిరో యోచింపుడు.

పరపాలనలో పత్రికలు నడిపిన జాతికి ఈ కథ క్రొత్తది కాదు. 1910వ సంవత్సరపు ముద్రణశాసనము క్రింద మన పత్రికలవారు ధరావతులు కట్టి, వానిని పోగొట్టుకొని, మరల కట్టిరి. 1919లో పంజాబున సైనికశాసనము నడచినపుడు అమృతసరపు వార్త దేశమున వ్యాపింపకుండ అడ్డుగోడలు గట్టిరి. 1943లో వంగదేశమున లక్షలకొలది జనులు అన్నములేక మరణించుచుండగా, ప్రభుత్వమువారు కరవు అను మాటనే యొప్పుకొనకుండిరి. ఆ యేటి ఆగస్టు 22న కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక, తెల్లవారి పత్రికయే యైనను, వీధులలో బడియున్న క్షుద్బాధితుల ఛాయాచిత్రములను బ్రకటించెను. అంతటితో కాదనుట కవకాశము లేకపోయెను. మాటను ఖండింపవచ్చును. అంకెను సవరింపవచ్చును. వీధిలో బడియున్న శరీరము యొక్క చిత్రమునకు ప్రత్యుత్తర మీయుట కష్టము.

అట్లని ఒక్కదినపు చిత్రముతో పని తీరదు. అణువిపత్తునకును, తక్కిన విపత్తులకును గల భేద మిచ్చటనే యున్నది. తుపాను వచ్చి పోవును. అగ్ని రగిలి చల్లారును. ఇది పోదు. కావున దీనిని చిత్రించువాడును వెంటనే మరలిపోరాదు. దోమోన్ కెన్ అను జపాను ఛాయాచిత్రకారుడు 1957లో, అనగా బాంబు పడిన పండ్రెండేండ్లకు, హిరోషిమాకు వెళ్లెను. పట్టణము మరల వెలసినది. వీధులు బాగుపడినవి. ఆయన వీధులతో తృప్తిపడక ఆసుపత్రులకు వెళ్లి, కాలిన చర్మమునకు వైద్యులు చేయు శస్త్రచికిత్సలను, అనాథలైన పిల్లలను, బాధితుల కాపురములను చిత్రించి 1958లో గ్రంథముగా బ్రకటించెను. పునర్నిర్మాణమని పాలకులు చాటుచున్న దినములలో, గాయము మానలేదని చెప్పిన గ్రంథ మది. తోమత్సు షోమెయ్ అను మరియొకరు నాగసాకిలో ఇదే పనిని చేసిరి. 11 గంటల 2 నిమిషములకు నిలిచిపోయిన గడియారము ఆయన చిత్రములలో నొకటి. అగ్నికి కరగి మాంసఖండమువలె వంగిన గాజుసీసా మరియొకటి. ఇంటిలో ప్రతిదినము వాడుకొను వస్తువే సాక్షియై నిలిచినది.

సోవియట్ పాలనలో నుండిన యుక్రెయినునందు 1986 ఏప్రిలు 26న జరిగిన చెర్నోబిల్ ప్రమాదము మరియొక పాఠమును నేర్పుచున్నది. ఆ కేంద్రపు ప్రక్కనున్న ప్రిప్యత్ పట్టణములో సుమారు 49 వేలమంది యుండిరి. ప్రమాదము జరిగిన మరునాటి మధ్యాహ్నము వారిని బస్సులలో తరలించిరి. మూడుదినములకు వలయు వస్తువులను, కాగితములను దెచ్చుకొనుడని చెప్పిరి. ఆ మూడుదినములు నేటికిని ముగియలేదు. స్వీడను దేశపు విద్యుత్కేంద్రములోని యంత్రములు గాలిలో విషమున్నదని పసిగట్టిన పిదపగాని, 28వ తేదీ సాయంకాలమునకుగాని, సోవియట్ ప్రభుత్వము నోరు విప్పలేదు. మే 1న కీవ్ నగరమున యథాప్రకారము ఊరేగింపు జరిపిరి. చిన్నపిల్లలు జెండాలు బట్టుకొని నడచిరి. ఆ ఊరేగింపు చిత్రములను నేడు చూచువారికి భయము గలుగును. ఏలయన, అందు భయంకరమైన దేదియు లేదు.

ఇగోర్ కోస్తిన్ అను పత్రికా ఛాయాచిత్రకారుడు ఆ కేంద్రమును దీర్ఘకాలము వెంబడించి చిత్రించెను. పగిలిన రియాక్టరు కప్పుపై బడిన శకలములను యంత్రములు తీయలేకపోగా మనుష్యుల నెక్కించిరి. ఒక్కొక్కరు కొలది క్షణములు మాత్రమే పైనుండి, రెండు పారల చెత్తను త్రోసి, దిగి రావలయును. ఆ కప్పుపై కోస్తిన్ తీసిన చిత్రములలో క్రిందియంచున తెల్లని చారలు గలవు. అవి చిత్రకారుని దోషము కాదు. ఫిల్మును తాకిన కిరణముల గురుతులు. తొంబది యేండ్లకు ముందు బెకెరెల్ పలకపై కనబడిన సాక్షియే మరల కనబడినది. ఆ కప్పుపై నిలిచిన మనుష్యుల శరీరములను గూడ ఆ కిరణములే తాకినవి.

ఇచ్చట మా అసంతృప్తిని గూడ చెప్పవలసియున్నది. చెర్నోబిలును గూర్చి లోకమున మిక్కిలి ప్రచారము పొందిన చిత్రములు మనుష్యులు లేనివి. పాడుబడిన పాఠశాల, తుప్పుపట్టిన రంగులరాట్నము, నేలపై బడిన బొమ్మ - ఇట్టివానికొరకు చిత్రకారులు దేశదేశములనుండి వెళ్లిరి. చూడవచ్చినవారు బొమ్మలను దమకు దోచినట్లు అమర్చి, ముఖములకు విషవాయువు తొడుగులు తగిలించి చిత్రించుట గూడ జరిగినది. దీనిని మేము సాక్ష్య మనము. పాడుబడిన చోటునందు సౌందర్యమును వెదకుట రసికత కావచ్చును, న్యాయము మాత్రము కాదు. ఆ ప్రాంతముననే, ప్రభుత్వము వలదన్నను, సుమారు వేయిమంది వృద్ధులు, అధికముగా స్త్రీలు, తమ పల్లెలకు తిరిగి వచ్చి, బంగాళాదుంపలు నాటుకొని, కోళ్లను పెంచుకొని, భర్తల సమాధులయొద్ద బ్రతికిరి. ఆ ముసలమ్మ వంటయింటి చిత్రము బొమ్మల చిత్రముకన్న నూరురెట్లు విలువైనది. ఏలయన అందు ప్రశ్న యున్నది. నేల చెడినదని తెలిసియు ఆమె యేల వచ్చినది? పరాయిచోట కాలు నిలువక వచ్చినది. మన పల్లెలలో ఆనకట్టల క్రింద ఊళ్లు మునిగినవారి నడుగుడు, ఆమె భాష తెలియకున్నను ఆమె యుత్తరమును వారు చెప్పగలరు.

మరల ఫుకుషిమాకు వత్తము. అచ్చట లక్షా యేబదివేలకు పైబడిన జనులు ఇండ్లు విడిచిపోయిరి. అణుశక్తిని సమర్థించువారు, కిరణములవలన తత్‌క్షణమే మరణించినవారు లేరుగదా యని వాదింతురు. ఆ మాట నిజమే. కాని మరియొక లెక్కను గూడ చూడవలయును. ఆ మండలమున భూకంపమువలనను, ఉప్పెనవలనను నేరుగా మరణించినవారు సుమారు 1600 మంది. విపత్తు ననుసరించిన కష్టములవలన, అనగా తరలింపులో రోగులకు చికిత్స తప్పుటవలన, వృద్ధులు తాత్కాలికపు గదులలో క్రుంగిపోవుటవలన, ఆశ నశించుటవలన మరణించినవారని జపాను ప్రభుత్వమువారే యంగీకరించినవారు 2300కు పైగా నున్నారు. నీరు చంపినవారికంటె నిరాశ్రయత చంపినవా రధికము! ఈ మరణములను కిరణముల గొలుచు యంత్రము చూపజాలదు. ప్రతివాని మరణపత్రములోను ఏదో యొక సామాన్యరోగమే వ్రాయబడియుండును. ప్రతిదిన జీవితమును చిత్రించువాడొక్కడే దీనిని జూపగలడు. ఇరుకుగదిలో దినమంతయు గోడకు జేరగిలబడిన రైతు, చేతులకు పని లేని రైతు, చేతులను మాత్రమే చూచుకొనుచున్న రైతు - ఆ చిత్రమే ఆ మరణములకు కారణపత్రము.

పాలకులందరు కెమెరాకు జంకినవారు కారు. నమియె అను పురమున సుమారు 21 వేలమంది యుండిరి. అందరును తరలిపోయిరి. 2013లో ఆ పురాధ్యక్షుడు బాబా తమోత్సు గూగుల్ కంపెనీవారి నాహ్వానించి, నిర్జనమైన వీధులన్నింటిని చిత్రింపించి లోకమునకు జూపెను. దూరదేశమున నున్న పౌరుడు తన వీధిని, తన యింటి వాకిలిని, కూలిన తన దుకాణమును తాను చూచుకొనగలిగెను. 2017 మార్చిలో ఆ పురమున కొంతభాగమునకు తిరిగి పోవుట కనుమతి లభించెను. తిరిగి వచ్చినవారు మునుపటి సంఖ్యలో కొద్దిభాగమే. దాచి గౌరవము నిలుపుకొనుట కంటె చూపి సానుభూతిని, సహాయమును గోరుట మేలని ఆ పురాధ్యక్షు డెరిగెను. ఇది ప్రజలయెడ విశ్వాసము గల పాలకుని లక్షణము.

మాకు ప్రతివాదము వినబడకపోలేదు. అణువిపత్తు చిత్రములు ప్రచారమైనచో ఆ ప్రాంతపు పంటను ఎవ్వరును కొనరు, ఆ యూరి పిల్లలకు సంబంధములు రావు, బాధితునకు రెండవ బాధ గలుగు నందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. హిరోషిమా, నాగసాకి బాధితులు వివాహములయందును, ఉద్యోగములయందును చిరకాలము వివక్షకు గురియైరి. ఫుకుషిమా రైతులు పరీక్షలో నిర్దోషమని తేలిన ధాన్యమును సైతము అమ్ముకొనలేక యలమటించిరి. కాని ఈ కీడు చిత్రమువలన గలిగినదా, అరకొర తెలివివలన గలిగినదా? పొలమును జూపి పరీక్షాఫలమును జూపనివాడు చేసినది సగము పని. దుఃఖమును జూపి పేరును, ఊరును, తేదీని, కొలతను చెప్పనివాడు వదంతికి తోడ్పడినవాడగును. వదంతి చీకటిలో పెరుగును. దాని మందు ఇంకను వెలుగేగాని ఇంకను చీకటి కాదు. కావున చిత్రించువానికి మేము మూడు ధర్మములను విధించుచున్నాము. చిత్రింపబడువాని యనుమతి లేక తీయరాదు. తీసినదానిని కథగా మార్పరాదు. ఒకమారు వెళ్లినవాడు మరల వెళ్లవలయును. బాధితులే తమ సాక్ష్యమును తాము వహించినపుడు లోకము వినకపోలేదు. 2024లో శాంతికై నొబెల్ బహుమానము అణుబాంబు బాధితుల జపాను సంఘమునకు, నిహోన్ హిదాన్‌క్యోకు, లభించుట యిందుకు తార్కాణము.

విద్యుచ్ఛక్తి వలదని మేము చెప్పుటలేదు. దీపము లేని యింటి కష్టమును, మోటారు నడువని బావి కష్టమును మే మెరుగుదుము. అణుశక్తి కావలయునా, వలదా యను ప్రశ్నపై విద్వాంసులలో భిన్నాభిప్రాయములు గలవు. మా వాద మంతకంటె చిన్నది, అంతకంటె మౌలికమైనది. నిర్ణయము ప్రజలదైనచో, ప్రజలు చూచి నిర్ణయింపవలయును. లాభమును జూపు చిత్రము లెన్నియో ప్రభుత్వమే యచ్చువేయును. తెల్లని గుమ్మటములు, పచ్చని తోటలు, వెలుగుచున్న పట్టణములు. నష్టమును జూపు చిత్రములకును సభలో పీట వేయవలయును.

ఇది దూరదేశపు ముచ్చట యని యెవ్వరైన దలచిన పొరబడుదురు. శ్రీకాకుళము జిల్లాలో రణస్థలము మండలమున, కొవ్వాడయొద్ద సముద్రతీరమున ఆరు రియాక్టర్ల విద్యుత్కేంద్రము నెలకొల్పు ప్రతిపాదన చిరకాలముగా నడచుచున్నది. కడప జిల్లాలో తుమ్మలపల్లెయొద్ద యురేనియము గని గలదు. నీళ్లు చెడినవనియు, తోటలు దెబ్బతినుచున్నవనియు పరిసర గ్రామములవారు మొరపెట్టుకొనియున్నారు. 2019లో నల్లమలయందు యురేనియపు అన్వేషణపై జనులు కలవరపడగా తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించెను. విపత్తు వచ్చునని మేము జోస్యము చెప్పుటలేదు. రాకుండుగాక! కాని జపానుదేశపు అనుభవము మనకొక పనిని నేర్పుచున్నది. విపత్తు తరువాతి చిత్రమున కర్థము విపత్తునకు ముందటి చిత్రమువలననే కలుగును. మునుపటి మడిని చూడనివానికి నల్లసంచుల బారు కేవలము సంచుల బారే.

కావున మా సూచన యిది. కొవ్వాడ తీరమునను, తుమ్మలపల్లె పరిసరములను నేటి జీవితమును నేడే చిత్రించి భద్రపరుపవలయును. వలలు లాగు బెస్తలను, ఇసుకపై ఆరుచున్న చేపలను, అరటితోటలను, బావులను, బడులను, సంతలను, పెండ్లిపందిళ్లను, ప్రతి గడపను, పేరుతోను తేదీతోను చిత్రింపవలయును. నీటి పరీక్షాఫలములను ఆ చిత్రముల ప్రక్కనే యుంచవలయును. ఈ పని ప్రభుత్వపు దయకు విడువరాదు. గ్రంథాలయోద్యమమును సొంతచేతులతో నడిపిన జాతి మనది. ఊరూర గ్రంథాలయమున నిట్టి యొక చిత్రసంపుట ముంచుట మనకు దుస్సాధ్యము కాదు. విద్యావంతులైన యువకుల చేతులలో నేడు కెమెరాలకు కొదువ లేదు, పనికే కొదువ. భూస్వాములును, పట్టణవాసులును ధనసహాయమును, ప్రోత్సాహమును జేయవలయును. పత్రికలు చోటీయవలయును. మే మీయగలము.

కేంద్రము నిర్దోషముగా నడచినచో, ఆ సంపుటము మన మనుమలకు తాతల కాలపు తీరమును జూపు ముద్దుపుస్తకమగును. అందువలన నష్టమేమి? నడువనిచో, మీ కేమియు పోలేదని యధికారి చెప్పబోయిననాడు, పోయినదేదో చూపుటకు బెస్తవాని చేతిలో నదియే సాక్ష్యమగును. హిరోషిమాలో విపత్తునకు లోనైనవాడు తన నష్టమునకు కాగితము వ్రాయించుకొనుటకై గాయపడిన యుద్యోగియెదుట నిలువవలసి వచ్చెను. మన జనులు తమ కాగితమును ముందే వ్రాసియుంచుకొనుట మంచిది.